పలుపు విప్పి పంపాలన్న మనిషి

కాంపౌండర్ బాపు పోయారు. పొద్దున్నే ఎదురింటి వదిన మా గేటు ఊచలు పట్టుకుని నిలబడి, "వదినె, బాపు పోయిండంట. నిద్రల్నేనంట. అదృష్టవంతుడు" అంది. నేనేమైనా అంటానేమోనని ఒక్క క్షణం చూసి, పొయ్యి మీద పాలున్నాయంటూ వెళ్లిపోయింది. నేను లోపలికి వచ్చి ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఇటువంటి వార్త వింటే ఎవరికో ఒకరికి చెప్పాలనిపిస్తుంది కదా. పేర్లన్నీ కిందికీ పైకీ జరిపాను. కాలేజీలో తోటి లెక్చరర్లకు బాపు తెలియరు. బంధువులకు తెలుసు గాని, "పెద్ద వయసే కదా" అంటారు. ఆయనెవరో, నాకేమవుతారో, మా చుక్క ఎవరో విడమరచి చెప్పనక్కర లేకుండా ఈ మాట చెప్పుకోగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు. పోయింది ఆయనే. ఫోన్ పక్కన పెట్టేశాను.

అందుకే ఇది రాస్తున్నాను. మొదటినుంచీ చెప్పాలి.

ఆయన డాక్టరు కాదు. సర్కారు పశువుల దవాఖానలో కాంపౌండరు. నేను యూనివర్సిటీలో చదువుతున్న రోజుల్లోనే రిటైరయ్యారు. పాతబస్తీ ఛత్రినాకలో మా గల్లీ చివర వాళ్ల ఇల్లు. నా చిన్నప్పుడు మా నాన్నకు ఎనిమిది బర్రెలుండేవి. ఇంటి వెనక కొట్టం. హుస్సేనీ ఆలం దాకా మా పాలే పోయేవి. ఏ బర్రె మేత ముట్టకపోయినా, ఏ పెయ్యకు కడుపు ఉబ్బినా, నాన్న నన్ను గల్లీ చివరికి పరుగెత్తించేవాడు. బాపు సైకిల్ మీద మందుల పెట్టె కట్టుకునేవారు కాని, నాతో వచ్చేటప్పుడు సైకిల్ ఎక్కేవారు కాదు. నడిపించుకుంటూ నా పక్కనే వచ్చేవారు. దారి పొడుగునా బర్రె సంగతి అడిగేవారు కాదు. నా లెక్కల పరీక్ష సంగతి అడిగేవారు. నేను భయపడకుండా ఉండటానికే అలా అడిగేవారని అర్థమయ్యేసరికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

జీవాన్ని ముట్టుకునే ముందు రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకునేవారు. "సల్లటి శెయ్యి పెడితే పాలు మీదికి గుంజుకుంటది. నీకు సుత ఎవరన్న సల్లటి శెయ్యి మెడ మీద పెడితే ఎట్లుంటది?" అని నా మెడ మీద నీళ్ల చెయ్యి పెట్టి నన్ను అరిపించేవారు. ఒంటి మీద ఎప్పుడూ కార్బాలిక్ సబ్బు వాసన. మనుషులతో తెలుగు, జీవాలతో ఉర్దూ. "బస్ బేటా, బస్, హోగయా" అంటూ బర్రె చెవి వెనక గోకేవారు. అదేంటి బాపూ అని అడిగితే, "జానవర్లకు ఉర్దూ సమజైతది. మనుషులకు ఏ భాష సుత సమజ్ కాదు, అందుకే ఏదో ఒకటి మాట్లాడుత" అనేవారు.

రిటైరయ్యాక కూడా గల్లీ గల్లీ ఆయన్నే పిలిచింది. సూదిమందు మాత్రం తానెప్పుడూ వేయలేదు. "అది డాక్టర్ల పని. నాది పట్టుకునుడు" అనేవారు. బాగుచేయగల జబ్బయితే ఆయన లేకపోయినా జరిగిపోయేది. బాగుకాని రోజున, ఏదైనా జీవం ఇక లేవదు, నొప్పి తగ్గదు, ముగించడమే దయ అని డాక్టరు చెప్పిన రోజున, ఆ ఇంటివాళ్లు తప్పకుండా బాపు కోసం మనిషిని పంపేవారు. ఛత్రినాకలో, ధూల్‌పేట్‌లో, పాలవాళ్ల ఇళ్లన్నిటికీ ఆయన పద్ధతి తెలుసు.

ముందు ఇంటి యజమానిని జీవం ముఖం ఎదురుగా నేల మీద కూర్చోబెట్టేవారు. పీట ఉండకూడదు, మంచం ఉండకూడదు. దాని కళ్ల ఎత్తులో మన కళ్లుండాలి. మసీదులో ఒక అజాన్ నుంచి ఇంకో అజాన్ దాకా కూర్చోవాలి. మా పాతబస్తీలో గడియారం లేనివాళ్లకు కూడా అందే కొలత అది. ఆ కూర్చున్నంతసేపూ జీవం నెమరు వేస్తుందేమో చూడమనేవారు. "నెమరేస్తే దానికింక ఈ లోకం మీద మనసున్నట్టు. అప్పుడు మనకు హక్కు లేదు. నెమరు బందయితే, అది మనల్ని ఏదో అడుగుతున్నట్టు." ఆ తర్వాత మాట ఇంటివాళ్ల నోటితోనే రావాలి. "మీ ఇష్టం బాపు" అంటే ఒప్పుకునేవారు కాదు. "నా ఇష్టమేంది? నీళ్లు పెట్టింది నువ్వు, పాలు తాగింది నువ్వు. సూది డాక్టర్‌ది, మాట నీది."

మాట వచ్చాక, డాక్టరు పెట్టె తెరిచే ముందు, మెడలో పలుపు విప్పించేవారు. అది కూడా ఇంటివాళ్ల చేతనే. "పుట్టినకాడికెళ్లి కట్టేసే ఉంచినం. పోయేటప్పుడన్న కట్టేసి పంపొద్దు."

ఇవన్నీ నాకు వినికిడిగా తెలుసు. నాన్న బతికున్నప్పుడు రెండు మూడుసార్లు మా కొట్టంలోనే జరిగాయి. అప్పుడు నన్ను పక్కింటికి పంపేసేవారు. నా వంతు వచ్చేసరికి నాకు నలభై ఏళ్లు.

నాన్న పోయాక బర్రెలు ఒక్కొక్కటిగా తగ్గాయి. అమ్మ చివరికి ఒక్కదాన్ని ఉంచుకుంది. నుదుటి మీద రూపాయంత తెల్లమచ్చ ఉండేది, పేరు చుక్క. అమ్మ కూడా పోయాక చుక్క నాకు మిగిలింది. దాన్ని పెట్టుకుని నేనేం చేస్తాననుకున్నారో గాని, అందరూ నవ్వారు. "డిగ్రీ బర్రె" అని పేరు పెట్టారు. "వదినె, మీ బర్రెకు హాల్ టికెట్ వచ్చిందా?" అని ఎదురింటి వదిన పరిహాసం. పాలు నామమాత్రం. పొద్దున్నే కుడితి పెట్టి, పేడ తీసి, స్నానం చేసి, చీర మార్చుకుని కాలేజీకి పోయేదాన్ని. బస్సులో ఎవరైనా దూరం జరిగితే నా దగ్గర ఇంకా పేడ వాసన వస్తోందేమోనని అనుమానం. అయినా దాన్ని పంపేయలేకపోయాను. సాయంత్రం గేటు గొళ్లెం చప్పుడు వినగానే కొట్టంలోంచి గొంతు సవరించుకున్నట్టు ఒక శబ్దం చేసేది. వంట చేసుకుంటుంటే వెనక నెమరు చప్పుడు, మధ్యలో పెద్ద నిట్టూర్పు. ఆ ఇంట్లో నాతోపాటు ఊపిరి తీసేది అదొక్కటే. ఈ మాట అప్పట్లో ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారు.

ఆ ఏడు ఆషాఢానికి ముందే మా గల్లీలో కొత్త సిమెంటు రోడ్డు వేశారు. మా ఇంటి ముందు నుంచి కిందికి నీళ్లతొట్టి దాకా వాలు. సిమెంటు అద్దంలా నున్నగా ఉంది. అందరూ మెచ్చుకున్నారు. బోనాలు ఇంకా వారముందనగా ఒక పొద్దున సన్నగా జల్లు పడుతోంది. నాకు మొదటి పీరియడ్ ఉంది. చుక్కను తొట్టి దగ్గరికి తోలుకుపోతూ, తొందరలో పలుపు కాస్త గుంజాను. ఎంత గుంజానో ఇప్పటికీ తేల్చుకోలేను. దాని వెనక కాళ్లు రెండూ చెరో పక్కకు జారిపోయాయి. ఒక చప్పుడైంది. కట్టె విరిగినట్టు కాదు, తడిబట్ట చింపినట్టు. చుక్క అరవలేదు. వాలు మీద బొక్కబోర్లా పడి, నా వైపు తిరిగి చూసింది, ఇప్పుడేం చెయ్యాలో చెప్పమన్నట్టు.

పదిమంది మగవాళ్లు టార్పాలిన్ మీదికి జరిపి కొట్టంలోకి లాగారు. దవాఖాన నుంచి డాక్టరమ్మ వచ్చింది. కొత్తగా వచ్చినప్పుడు గల్లీల్లో బాపు వెంట తిరిగి పని నేర్చుకున్న అమ్మాయే, నాకన్నా చిన్నది. చాలాసేపు పరీక్షించి, చేతులు కడుక్కుని, "మేడం, తుంటి ఎముక విరిగింది, రెండో పక్క కూడా పట్టు తప్పింది. ఇంత బరువున్న జీవం ఇక లేవదు. నొప్పి తగ్గడానికి ఇంజెక్షన్ ఇస్తున్నా, కొన్ని గంటలే పనిచేస్తుంది. బాధ లేకుండా పంపించెయ్యడమే మంచిది. మీరు అనండి, నేను వస్తా" అంది.

అప్పటికే బాపు కింద వరిగడ్డి పరిచి, దాని మీద గోనెసంచులు వేస్తున్నారు. నన్ను చూసి, నేల మీద ఒక చోటు చేత్తో తుడిచి చూపించారు. మధ్యాహ్నం అజాన్ వినిపించింది. కూర్చున్నాను. ఆయన కాస్త ఎడంగా గోడకు ఆనుకుని కూర్చున్నారు. చుక్క ముక్కు మీద చెమట లేదు. ఆరోగ్యంగా ఉన్న బర్రె ముక్కు ఎప్పుడూ తడిగా ఉండాలి. దవడ కదలలేదు. చెవులు ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఈగలు వాలితే తోలుకోవడానికి తోక లేవలేదు. సాయంత్రం అజాన్ అయింది.

"ఏమంటవు బిడ్డా?"

"రేపు చూద్దాం బాపు. సూదిమందుతో కొంచెం నయమనిపిస్తోంది."

ఆయన తల ఊపారు. లేచి, గల్లీలోంచి నలుగురిని పిలుచుకొచ్చి చుక్క పక్క మార్చారు. ఒకే పక్క పడి ఉంటే కింది కాలు చచ్చుబడుతుందని, మళ్లీ మళ్లీ పక్క మార్చాలని చెప్పారు. ఆ రోజూ, మర్నాడూ పొద్దుకు మూడుసార్లు ఆయనే మనుషుల్ని కూడగట్టుకుని వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. పక్క మార్చిన ప్రతిసారీ చుక్క కళ్లు పెద్దవయ్యేవి. ఆయన దాని చెవిలో ఉర్దూలో ఏదో చెబుతుండేవారు.

రెండో రోజు అందరూ వచ్చారు. కబేళాకు పశువుల్ని కొనే దలాలి ఒకడు ట్రాలీ ఆటో గల్లీ మొదట్లో ఆపి వచ్చాడు. "మేడమ్, నేను తీస్కపోత. మీకు చూసే పనే ఉండది" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు తీయగా వినిపించింది. చూసే పని ఉండదు.

బాపు గడ్డి సర్దుతూ తలెత్తకుండానే అన్నారు. "ఎట్ల తీస్కపోతవు భాయ్? లేస్తలేదు గదా. కాళ్లకు తాళ్లేసి ట్రాలీల ఈడుస్తవు. దాని నొప్పి ఏడికి పోదు, మన కండ్లకు కనబడకుంట పోతది, గంతే."

దలాలి నవ్వి, "బాపూ, నీకు లైసెన్స్ ఇయ్యాలె దయకు" అని వెళ్లిపోయాడు.

ఎదురింటి వదిన గుమ్మంలో నిలబడి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మీ అమ్మ శేతుల మీద పెరిగిన జీవం. పాలిచ్చిన తల్లి. సూదితోని ఎట్ల సంపుతవు వదినె? దేవుడు తీస్కపోయేదాక చూస్కో, పుణ్యం." ఆమె చెడ్డది కాదు. ఆ మాట అంటూనే నాకు అన్నం గిన్నె ఇచ్చి వెళ్లింది. నాకు బాపు మాటా, వదిన మాటా సగం సగం నిజమనిపించాయి. చదువుకున్న మనిషిని, అన్ని వైపులా చూడటం నేర్చుకున్నాను. అన్ని వైపులా చూస్తున్నంతసేపూ ఏ వైపూ కదలనక్కర్లేదని కూడా అక్కడే నేర్చుకున్నానేమో.

సాయంత్రం బాపు వచ్చి అడిగారు. "నెమరేసిందా?"

"వేసింది బాపు. పొద్దున ఒకసారి, ఇందాక ఒకసారి. దవడ కదిలింది, చప్పుడు కూడా విన్నాను."

ఆయన నా ముఖంలోకి చూశారు. "మంచిది. అయితే ఆగుదాం" అన్నారు. డాక్టరమ్మకు ఆయనే ఫోన్ చేసి, నొప్పికి ఇంకో సూది వేయించి, పక్క మార్పించి వెళ్లారు.

మూడో రోజు పొద్దున ఆయన ఒక్కరే వచ్చారు. చేతులు రుద్దుకుని, చుక్క దవడ మీద అరచెయ్యి ఆనించి, పక్కకు వంగి చెవి పెట్టి విన్నారు. నన్ను పిలిచారు. నా చెయ్యి పట్టుకుని అదే చోట పెట్టారు. దవడ కింద నుంచి గరగరమని కదలిక. రాయి మీద రాయి నూరినట్టు.

"ఇది నెమరు గాదు బిడ్డా. నెమరేస్తే గొంతుల ముద్ద మీదికొస్తది, మళ్ల కిందికి పోతది. ఇది పండ్లు కొరుకుడు. నొప్పికి."

పాలవాళ్ల ఇంట్లో పుట్టాను. నెమరుకూ, పళ్లు కొరకడానికీ తేడా నాకు పదేళ్లప్పుడే తెలుసు. ఒక పగలు, ఒక రాత్రి, చుక్క నొప్పితో పళ్లు నూరుతుంటే నేను పక్కనే కూర్చుని, ఇంకా మనసుంది, ఇంకా మనసుందని సంతోషపడ్డాను. దానికి ఈ లోకం మీద మనసుందా అని కాదు నేను చూసింది. నేను ఒంటరిగా మిగలకుండా ఉండే మార్గం ఉందా అని చూశాను. అదైనా అప్పుడు తెలిసే చూశానా, తెలియకనా? ఈ ప్రశ్నకు ఆరేళ్లుగా జవాబు మారుస్తూనే ఉన్నాను.

బాపు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. గోడకు ఆనుకుని కూర్చుని, "నీ ఫికర్ ఎన్ని దినాలైన ఆగుతది బిడ్డా. దాని నొప్పి ఆగది" అన్నారు. బయట ఎవరో బోనాల పందిరికి కర్రలు దించుతున్నారు.

"డాక్టరమ్మను పిలవండి బాపు" అన్నాను.

"ఎందుకో చెప్పు."

"చుక్కను పంపించెయ్యడానికి."

"సరే" అని ఆయన లేచారు. ఆ ఒక్క మాటకు నేను తీసుకున్న సమయం రెండు రోజులు.

డాక్టరమ్మ వచ్చింది. బాపు నన్ను చుక్క ముఖం ముందు కూర్చోమని, "పలుపు ఇప్పు" అన్నారు. అమ్మ వేసిన ముడి. తడికి బిగుసుకుపోయింది. గోళ్లతో లాగి విప్పాను.

పలుపు మెడ మీంచి జారగానే చుక్క లేవబోయింది.

దాని జన్మంతా మెడ మీద పలుపు సడలిందంటే గుంజ నుంచి విప్పారని, అంటే నీళ్ల దగ్గరికి పోతున్నామని ఒకటే అర్థం. ముందు కాళ్లు రెండూ నేలకు తన్ని, మెడ చాచి, విరిగిన తుంటిని తనతోపాటు పైకి ఎత్తబోయింది. ఆ మూడు రోజుల్లో అరవని జీవం అప్పుడు అరిచింది. బాపు "బస్ బేటా, బస్, బస్" అంటూ దాని మెడ మీద తన బరువంతా వేసి వాటేసుకున్నారు. డాక్టరమ్మ ముందు మత్తు ఇచ్చింది, తర్వాత రెండోది. నేను ముఖం తిప్పుకోలేదు. దాని కంట్లో నేనూ, నా వెనక కొట్టం వాకిలీ చిన్నగా కనిపించాయి. ఆ తర్వాత కూడా కనిపిస్తూనే ఉన్నాయి, కాని చూసేవాళ్లు లేరు.

బాపు చాలాసేపు లేవలేదు. లేచాక మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, మళ్లీ కడుక్కుని, "తప్పు నాది బిడ్డా" అన్నారు. నేను కాదన్నాను. ఆయన వినిపించుకోలేదు. పలుపు నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

బోనాలు అయిపోయిన మర్నాటి పొద్దున టకటక చప్పుడుకు బయటికి వచ్చాను. బాపు సుత్తె, ఉలి పట్టుకుని మా వాలు మీద గొంతుకూర్చుని ఉన్నారు. కొత్త సిమెంటు మీద అడ్డంగా, బెత్తెడు బెత్తెడు దూరంలో గాట్లు కొడుతున్నారు. గల్లీ అంతా వినోదం.

"ఏంది బాపూ, రోడ్డుకు ఆపరేషనా?"

"రోడ్డుకు పండ్లు పెడుతున్న. జారేటోళ్లను పట్టుకుంటది."

"మున్సిపాలిటోళ్లు చూస్తే లొల్లి పెడతరు!"

"రానియ్యి. వాళ్లకు సుత ఒక ఉలి ఇస్త."

పదిహేను రోజులకు పైగా పట్టింది. పొద్దున కాసేపు, ఎండ తగ్గాక కాసేపు. పై నుంచి తొట్టి దాకా. గల్లీలో నడిపించడానికి అప్పటికి రెండు మూడు బర్రెలకు మించి లేవు. నేను చాయ్ తీసుకెళ్లి పక్కన నిలబడేదాన్ని. ఒకరోజు అడిగేశాను. "బాపూ, ఆ రోజు నేను నెమరేసిందని చెప్పాను కదా. నాకు తెలిసే అబద్ధమాడానా?"

ఉలి పక్కన పెట్టి, చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదారు. "తెల్సు, తెల్వదు. రెండు ఉంటయి మనిషిల. పలుపు ఇప్పితే నీళ్లకు పోతమని జీవానికి తెల్సు, అది నాకు తెల్వదా? గిన్నేండ్లు గదే పని చేసిన. తెల్సు. ఇప్పుమన్న. మంచి పని చేస్తున్న అనుకున్న, గా మంచిల అది కనబడలే." సాసర్ ఖాళీ చేసి, "నీది, నాది చెరి సగం" అన్నారు.

నా భారం తగ్గించడానికే తన తప్పును పెద్దది చేసి చెప్పారేమో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. కాదనిపించే సంగతి ఒకటుంది. ఆ తర్వాత ఆయన పద్ధతి మారింది. ఎవరైనా పిలిస్తే మొదట అడిగేది, "పలుపు ఇప్పి ఎంతసేపయింది?" ముందురోజే విప్పించేవారు. జీవం ఒకసారి లేవబోయి, కుదరదని తెలుసుకుని, ఆ సంగతితో రాజీపడ్డాకే డాక్టరును పిలవనిచ్చేవారు. జనానికి ఇది చాదస్తంలా తోచింది. ఇంకొందరు, "బాపుకు మొదటి లెక్క ధైర్యం లేదు, మస్తు సోచాయిస్తుండు" అన్నారు. నిజమే. అంతవరకు అనుమానాలన్నీ నావి, నిశ్చయం ఆయనది. ఆ రోజు నుంచి కొంత అనుమానం ఆయన కూడా మోశారు. దానివల్ల నాకు ఆయన దగ్గరయ్యారని చెప్పడానికి సిగ్గుగా ఉంది, కాని నిజం.

ఆ ఆరేళ్లూ ప్రతి పొద్దున పాల ప్యాకెట్‌కు పోతూ మా గేటును చేతికర్రతో రెండుసార్లు తట్టేవారు. "బిడ్డా, లేసినవా?" అంతే. లోపలి నుంచి నేను "లేచా బాపు" అనాలి. ఆ మాట వినేదాకా కదిలేవారు కాదు. నాకు జ్వరం వచ్చి పలకలేని రోజు గేటు ఎక్కించడానికి ఎదురింటి వదిన మొగుణ్ణి పిలిచారు. నా ఇంట్లో రెండో ఊపిరి లేదన్న సంగతి ఆయన ఎప్పుడూ నోటితో అనలేదు. కర్రతో అడిగేవారు.

పోయే ముందు వారం గేటు దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడ్డారు. ఖాళీ కొట్టం వైపు చూస్తూ, "ఇంకో పెయ్యను తెచ్చుకోరాదు?" అన్నారు.

"వద్దు బాపూ. మళ్లీ ఒకరోజు ఆ మాట అనాల్సి వస్తుంది."

చేతిలోని ప్యాకెట్ ఎత్తి చూపించారు. "గట్లయితే ఇవే తాగు. ఇది జారిపడది, నెమరెయ్యది, ఏం మాట అనే పని ఉండది." నవ్వారు. నేనూ నవ్వాను. జవాబు చెప్పలేదు. చెప్పాల్సిందా అని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఆయన్ని తీసుకెళ్లేటప్పుడు వాన పడుతోంది. వాళ్ల ఇంటి ముందు టార్పాలిన్ కట్టారు. ఎక్కడెక్కడి పాలవాళ్లో వచ్చారు. డాక్టరమ్మ వచ్చి, నా పక్కన నిలబడి, నా చెయ్యి పట్టుకుని వదిలేసింది. పాడె మీద పడుకోబెట్టి, తాళ్లతో కడుతున్నారు. ఛాతీ మీంచి ఒకటి, నడుము మీంచి ఒకటి, కాళ్ల దగ్గర ఒకటి. వాలు ఉంది కదా, జారకుండా గట్టిగా కట్టండిరా అని ఎవరో అంటున్నారు. ఆ ముడులు చూస్తూ నిలబడలేకపోయాను. పెద్దకొడుకు దగ్గరికి వెళ్లాను. తలమీద తుండుగుడ్డ, చేతిలో నిప్పు కుండ. అటువంటి సమయంలో అడగవచ్చో లేదో తెలియదు.

"తమ్ముడూ, అక్కడికి పోయాక తాళ్లు..."

నన్ను పూర్తి చేయనివ్వలేదు. "ఇప్పుతం అక్కా. కట్టె మీద పెట్టకముందే ఇప్పుతం. బాపు నాకు ఎప్పుడో చెప్పిండు." నిప్పు కుండను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "ఇప్పినంక జెరసేపు ఆగుమన్నడు."

పాడె లేచింది. మా వైపు ఆడవాళ్లం గల్లీ దాటి పోము. నేను మా గేటు దగ్గర ఆగిపోయాను. నలుగురు మోస్తూ వాలు దగ్గరికి వచ్చారు. కింద నీళ్లు పారుతున్నాయి. అందరికీ ఉత్త కాళ్లు. ముందున్నతను ఒక్క క్షణం తడబడి, కాలి వేళ్లతో వెతుక్కుని, ఒక గాటులో పాదం ఆనించాడు. తర్వాత ఇంకోటి. వెనకవాళ్లు అవే గాట్లలో అడుగులేశారు. ఎవరూ జారలేదు. ఒక్కొక్క గీత మీద ఒక్కొక్క అడుగు నిలబెట్టుకుంటూ, ఆయన్ని నీళ్లతొట్టి పక్కనుంచి మలుపు తిప్పారు.

గల్లీ ఖాళీ అయింది. చాలాసేపు గేటు పట్టుకుని నిలబడ్డాను. వాన నీళ్లు పై గాటు నిండి, దాని అంచు దాటి కింది గాటులోకి, అక్కడి నుంచి ఆ కింది దానిలోకి, తొందర లేకుండా దిగుతున్నాయి.